షాలిబండ దేవిడీలో ఏడు తస్వీరులు

బెజవాడలో హైదరాబాదు పాసింజరు పొద్దున ఆరింటికి కదులుతుందని టైంటేబిల్లో వేసి ఉంటుంది. ఆ మాట నమ్మి బాగుపడ్డవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. మేము బయల్దేరిన రోజున మాత్రం బండి వేళకే కదిలింది, నేనే వేళకి లేను. కెమెరా పెట్టె ఒక భుజాన, మూడుకాళ్ళ స్టాండు ఇంకో భుజాన, గాజు ప్లేట్ల డబ్బా చంకలో పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుతుంటే, కదులుతున్న పెట్టెలోంచి కామేశ్వరి గారు చెయ్యి చాచి అందుకున్నారు. నన్ను కాదు, స్టాండుని.

"ఇది మళ్ళీ దొరకదు సూర్యం. నువ్వు వెనక బండికి వచ్చినా సరే," అన్నారు.

ఎలాగో ఎక్కాను. మూడో తరగతి కాబట్టి ఎవరి ఒళ్ళో పడ్డా అడిగేవాళ్ళు లేరు.

ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలి. కామేశ్వరి గారు మా ఊరి మ్యూజియానికి పెద్ద. చేరినప్పుడు టైపిస్టు. రాతి విగ్రహాలకి నంబర్లు కొట్టడంతో మొదలుపెట్టి, ఇరవై ఏళ్ళలో ఆ కుర్చీ దాకా వచ్చారు. మధ్యలో కాన్వెంటులో ఒక ముసలి సిస్టరు దగ్గర ఫ్రెంచి నేర్చుకున్నారు. యూరపులో కొత్త రకం బొమ్మలు వేసేవాళ్ళ మీద చదివి, అక్కడి మ్యూజియాలకి ఉత్తరాలు రాసి, వాళ్ళ పత్రికల్లో వ్యాసాలు అచ్చు వేయించుకున్నారు. మా పోస్టుమాను ఆవిడ ఉత్తరాల మీది స్టాంపుల కోసం ఇంటికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. నేను ఆవిడ మ్యూజియానికి ఫోటోలు తీసేవాణ్ణి. ఫోర్తు ఫారంలో నేను బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా నాన్న అంటాడు.

ఒకసారి ఆ కొత్త బొమ్మల పుస్తకం నాకు చూపించారు. కన్ను ఉండాల్సిన చోట చెవి, చెవి ఉండాల్సిన చోట మోకాలు. "నా స్టూడియోలో ఇలా తీస్తే డబ్బులు వెనక్కి అడుగుతారు. వీళ్ళకి దండలెందుకు వేస్తున్నారండీ?" అన్నాను. ఆవిడ కోప్పడలేదు. గంటసేపు విడమరచి చెప్పారు. ఆ తర్వాత కూడా నాకు మోకాలే కనబడింది.

ఏడేళ్ళ కిందట ఆవిడ హైదరాబాదు పాతబస్తీలో ఒక దేవిడీకి వెళ్ళారు. దేవిడీ అంటే పాత నవాబుల ఇల్లు. అక్కడి హాల్లో వరసగా ఏడు నిలువెత్తు తైలచిత్రాలున్నాయి. ఆ ఇంటి కొలువులో ఉన్న చిత్రకారుడు వేసినవి. నవాబుగారితో యూరపు చూసివచ్చినవాడట. బట్టలూ, చేతులూ, ఉంగరాలూ అచ్చం మనుషుల్లాగే ఉన్నాయి, ఆరింటికి మాత్రం మొహాలు లేవు. ఏడోదానికి ఉంది. యూరపువాళ్ళకి ఆ ఆలోచన రాకముందే మన దక్కనులో ఒకడు మొహాన్ని వద్దనుకుని మనిషిని గీశాడని కామేశ్వరి గారు వ్యాసం రాశారు. ఆఖరి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ధైర్యం చాలక మళ్ళీ మొహం పెట్టాడని కూడా రాశారు. ఆ వ్యాసం చదివి పారిస్‌లో ఒక పెద్ద మ్యూజియం వారు, ఏడాదిపాటు తమ దగ్గరికి వచ్చి దీని మీదే పనిచెయ్యమని పిలిచారు. ఒక్కటే షరతు. బొమ్మల ఫోటోలు మంచివి పంపాలి. అవి అందాకే ఓడ టిక్కెట్టు. ఇరవై ఏళ్ళ కష్టం తీసుకెళ్ళి నా చంకలోని గాజు ప్లేట్ల మీద పెట్టారన్నమాట. అందుకే ప్రయాణమంతా నేను తుమ్మినా ఆవిడ ఉలిక్కిపడ్డారు.

డోర్నకల్లులో పెరుగన్నం పొట్లాలు కొన్నాం. అక్కడ ఎక్కిన హనుమకొండ బట్టల వ్యాపారి ఒకాయన నా డబ్బా మీద మోచెయ్యి ఆనించబోయాడు. నేను "అయ్యో" అన్నాను.

"ఏంది అన్నా, బాంబులా?"

"ఇంకా కాదు. హైదరాబాదు వెళ్ళాక నింపుతాం."

ఆయన నవ్వి, మేము ఎక్కడికి వెళ్తున్నామో అడిగాడు. షాలిబండ అని చెబితే, "గక్కడ మనుషుల కంటె గోడలెక్కువ. జర్ర జల్ది తిరిగి రాండ్రి," అన్నాడు. కాజీపేటలో మాకు టీ ఇప్పించి, డబ్బులు పుచ్చుకోకుండా దిగిపోయాడు. ఈ దోవన వెళ్ళేవాళ్ళు కాజీపేట టీ తప్పక తాగండి. సికింద్రాబాదు దాకా ఇంకేమీ దొరకదు.

నాంపల్లిలో దిగేసరికి దీపాలు పెడుతున్నారు. స్టేషను ఎదురు సందులో భోజనంతో కలిపి గదులిచ్చే ఒక హోటలుంది. నేలమీద చాపలు, నల్లులు ఉచితం. ఆవిడకి ఆడవాళ్ళ గది, నాకు వరండా. నయాపైసలు వచ్చిన కొత్త. రిక్షావాడు అణాల్లో అడిగాడు, నేను నయాపైసల్లో ఇచ్చాను. ఇద్దరం మోసపోయామని ఇద్దరికీ అనుమానం మిగిలింది.

మర్నాడు ఇడ్లీ తిని తొమ్మిదింటికి బయల్దేరాం. నయాపూల్ మీద బుట్టలవాళ్ళూ, హైకోర్టుకి పోయే వకీళ్ళూ ఒకళ్ళ నొకళ్ళు తోసుకుంటుంటే మా రిక్షా వంతెన దాటడానికే పావుగంట పట్టింది. చార్మినారు దాటాక ఎగువ దారి. షాలిబండ చడావు దగ్గర రిక్షావాడు దిగి, మమ్మల్నీ దిగమన్నాడు. దిగడమే కాదు, నన్ను తొయ్యమన్నాడు కూడా. "కిరాయి ఎవరు ఎవరికిచ్చుడు సాబ్, తర్వాత చూస్కుందాం," అన్నాడు. సందులోకి తిరిగాక బజారు రొద తలుపు వేసినట్టు ఆగిపోయింది. అంత పెద్ద బజారు అంత దగ్గర్లో ఉండి అసలు వినబడకపోవడం నాకు నచ్చలేదు.

దేవిడీ గేటులో లారీ పడుతుంది. దాన్లో ఉన్న చిన్న దిడ్డితలుపు మాత్రమే తెరిచారు. తెరిచినవాడు యాదగిరి, ఆ ఇంటి కావలివాడు. వాళ్ళ నాన్న కూడా ఆ గేటు దగ్గరే పుట్టి అక్కడే పోయాడట. ఏడేళ్ళ తర్వాత కూడా కామేశ్వరి గారిని గుర్తుపట్టాడు.

"చిన్న పాషా బాగున్నారా? పోయినసారి నాకు టీ ఆవిడే స్వయంగా ఇచ్చారు," అని అడిగారావిడ.

"చిన్న పాషా పోయిన ఏడాది పోయింది అమ్మా. పెద్ద పాషా ఒక్కతే ఉన్నది. లోపలికి నడువుండ్రి."

ఆ ఇంట్లో అక్కాచెల్లెళ్ళు ఇద్దరే మిగిలారనీ, అక్క పెద్ద పాషా ఆ ఇంటి కోడలనీ, చెల్లెలు చిన్నప్పుడే అక్క వెంట వచ్చి అక్కడే పెరిగిందనీ ఆవిడ నాకు దారిలో చెప్పారు. రెండు ముంగిళ్ళు దాటి హాలు చేరాం. పొడుగాటి హాలు. ఒక పక్కంతా రంగుగాజుల కిటికీలు, రెండో పక్క గోడకి బొమ్మలు. కుర్చీ అన్నది లేదు. ఎప్పుడో వేసిన ఊదు వాసన ఇంకా పోలేదు. బొమ్మల్లో ఒకాయన చేతిలో జేబు గడియారం ఉంది, టైము చదవచ్చు. ఒకావిడ ఒళ్ళో పాన్‌దాన్, మూత మీది నగిషీ లెక్కపెట్టచ్చు. ఆ పైన మెడ, మెడ పైన ఒలిచిన కోడిగుడ్డు.

"అమ్మగారూ, వీళ్ళు నా స్టూడియోకి వస్తే బాగుండు. మొహాలు దిద్దే టచింగు పని తప్పుతుంది," అన్నాను.

ఆవిడ ఏడో బొమ్మ ముందు నిలబడిపోయి ఉన్నారు. ఆకుపచ్చ దుపట్టా, ముత్యాల పేట, చేతిలో మూసిన విసనకర్ర. మొహం లేదు.

"దీనికి మొహం ఉండేది సూర్యం."

"వేరే బొమ్మ అయ్యుంటుంది."

"ఇదే దుపట్టా. చిన్న పాషా చిన్నప్పటి బొమ్మ. నా వంకే చూస్తున్నట్టు ఉండేది. వ్యాసంలో రాశాను." మళ్ళీ తనే, "వేరే బొమ్మ అయ్యుంటుంది," అని నా మాటే తిరిగి నాకు అప్పజెప్పారు.

ఏడో బొమ్మ పక్కన, హాలు చివర, ఇంకో చట్రం ఉంది. దానికి తెల్లటి మల్లుగుడ్డ తెర దించి ఉంది. పోయినసారీ అలాగే ఉందట. అడిగితే అది చూపించేది కాదన్నారట.

పని మొదలుపెట్టాం. ముందు కొలత తెలియడానికి కామేశ్వరి గారిని ఏడో బొమ్మ పక్కన నిలబెట్టి ఒక ప్లేటు తీశాను. తర్వాత ఒక్కొక్క బొమ్మా. మా పాతకాలపు కెమెరాలో వెనక గాజు మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. నల్లగుడ్డ కప్పుకుని చూస్తే ఆ ఏడుగురూ మొహాల్లేకుండా వరసగా తలకిందులుగా వేలాడుతున్నారు. పొద్దుటి ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడి గోడంతా ఎర్రగా, నీలంగా ఉంది. నల్లగుడ్డలో నా ఊపిరి నాకు వినబడడం మామూలే. ఆ రోజు ఇంకో ఊపిరి కూడా వినబడింది. గుడ్డ తీసి చూస్తే, నా వెనకే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో, తెల్లబట్టలు కట్టుకున్న ముసలావిడ నిలబడి ఉంది. పెద్ద పాషా. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"తీసుకో బాపూ, తీసుకో. వీళ్ళు కదలరు," అంది చక్కటి తెలుగులో. పాలిచ్చి పెంచిన దాయి నల్లగొండ మనిషట.

కామేశ్వరి గారు ఏడో బొమ్మ సంగతి అడగబోయారు. నమాజు వేళయిందని పెద్ద పాషా లోపలికి వెళ్ళిపోయింది. రెండింటికి సామాను సర్దుకుని బయటపడ్డాం.

ప్లేట్లు కడగడానికి నయాపూల్ అవతల నాకు తెలిసిన కరీం భాయ్ స్టూడియో ఉంది. కామేశ్వరి గారిని ముందుగదిలో ఉంచి, వెనకగదిలో ఎర్రదీపం పెట్టి ఆయనా నేనూ కూర్చున్నాం. నేను మొదటి ప్లేటు మందుపళ్ళెంలో వేసి ఊపుతున్నాను. గడియారం వచ్చింది, చెయ్యి వచ్చింది, షేర్వానీ గుండీలు వచ్చాయి. తర్వాత మొహం వచ్చింది.

నెగెటివులో మొహం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. నల్లటి చెంపలు, తెల్లటి కనుపాపలు. రోజుకి ఇరవై చూసేవాణ్ణి, నాకు కొత్త కాదు. కాని గోడ మీద లేని మొహం పళ్ళెంలో నీళ్ళ కింద నుంచి తేలి రావడం అదే మొదలు. నేను పళ్ళెం ఊపడం ఆపాను. అది రావడం ఆగలేదు.

"భాయ్," అన్నాడు కరీం, మెల్లగా, "నువ్వు బొమ్మలను తీసినవా, మనుషులను తీసినవా?"

ఒకదాని తర్వాత ఒకటి ఏడూ కడిగాం. ఏడింటికీ మొహాలు. కొన్ని స్పష్టంగా, కొన్ని పొగలోంచి చూసినట్టు. ఆరబెట్టి, కిటికీ అద్దానికి వరసగా ఆనించి కామేశ్వరి గారిని పిలిచాను. ఎర్రరంగు ఈ ప్లేట్లకి సరిగ్గా ఆనదనీ, పక్కనుంచి ఎండ పడితే పైపూత కింద ఉన్న గీతలు లేచి కనబడతాయనీ కరీం భాయ్ ఆవిడకి చెప్పాడు. అది నిజమే అయ్యుంటుంది. ఆ మాట చెప్పుకునే నేను ఆ రాత్రి నిద్రపోయాను.

ఆవిడ ఏడో ప్లేటు దగ్గర వంగి చాలాసేపు చూశారు. "ఇదే చిన్న పాషా," అన్నారు. తర్వాత, "అయితే ఈమె నా వంక చూస్తూ ఉండేది. ఇప్పుడు పక్కకి చూస్తోంది."

అప్పుడు నేనూ చూశాను. ఒక్క ఆమే కాదు. ఏడుగురూ ఒకే వైపు చూస్తున్నారు. గోడ మీద వాళ్ళున్న వరసని బట్టి, అది హాలు చివర. మల్లుగుడ్డ తెర వైపు.

తిరిగి వస్తూ నయాపూల్ మీద ఆవిడ ఆగారు. కింద మూసీలో చాకళ్ళు బట్టలు బండకేసి కొడుతున్నారు.

"కడిగేటప్పుడు ఏదైనా పొరపాటు జరిగిందేమో చెప్పు."

"జరిగే ఉంటుందండీ. నా చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతుంది."

"ఏడింటికీ ఒకటే పొరపాటు జరగదు సూర్యం." నదివైపు తిరిగి అన్నారు: "మొహాలు ఉండేవి. ఎవరో మూశారు. ఆ చిత్రకారుడు మొహాల్ని వద్దనుకోనే లేదు. నేను లేనిదాన్ని చూసి వ్యాసం రాశాను."

నేను నవ్వించే మాట ఏదైనా దొరుకుతుందేమోనని వెతుక్కున్నాను. నాంపల్లి దాకా దొరకలేదు.

మూడో రోజు పొద్దున్నే మళ్ళీ దేవిడీకి వెళ్ళాం. ప్లేట్లు వెంట తీసుకెళ్దామన్నది ఆవిడే. పెద్ద పాషా హాల్లోకి వేయించిన తఖ్తు బల్ల మీద కూర్చుని ఉంది, యాదగిరి గుమ్మం దగ్గర. కామేశ్వరి గారు ఏమీ దాచకుండా ప్లేట్లు వెలుతురుకి పట్టి చూపించారు. ముసలావిడ ఒక్కొక్కదాన్నీ చూసి పేరు చెప్పింది. మామగారు. పెద్ద బావ. తోడికోడలు. మరిది. ఊరినించి వచ్చిన చుట్టాల్ని పరిచయం చేస్తున్నట్టే చెప్పింది. చెల్లెలి దగ్గర మాత్రం ప్లేటు తిప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"వీటిని ఎవరు మూశారు పాషా?"

"మా మామ తస్వీర్లు గీయించుకోనీకి ఒక షరతు పెట్టిండు బేటీ. మనిషి ఉన్నన్నాళ్ళు మొహం ఉండాలె. పోయినంక, నలబై దినాల చెహల్లుం అయిన తెల్లారి, మొహం మూయాలె. చచ్చినోళ్ళ మొహం గోడ మీదుంటే ఇంట్లోళ్ళు ఊదు వేస్తరు, పూలు పెడతరు, ఆఖరుకు దండం పెడతరు. దండం అల్లాకొక్కనికే గదా. ముందు మామ మొహాన్నే ముసవ్విర్, గీసినాయన, తన చేత్తో మూసిండు. తర్వాత పెద్ద బావది. ముసవ్విర్ కండ్లు పోయినంక రంగు కలుపుడు నాకు నేర్పిండు. కడమవన్ని నేనే మూసిన."

"చిన్న పాషాది కూడానా?"

"నేను గాక ఎవరున్నరు." ఆవిడ చీరచెంగు సవరించుకుంది. "దినమంతా పట్టింది. అది చిన్నప్పటిసంది మాటకు ఊకోదు. పూత వేస్తుంటే ఆరకపాయె."

యాదగిరి గుమ్మంలోంచి, "మూడు పూతలు వేసింది అమ్మా. నేనే నూనె తెచ్చిచ్చిన," అన్నాడు.

"వీళ్ళందరూ తెర వైపు ఎందుకు చూస్తున్నారు?" అని నేను అడిగాను. కామేశ్వరి గారు అడగరని తెలుసు.

పెద్ద పాషా లేచి, హాలు చివరికి నడిచి, మల్లుగుడ్డ ఎత్తింది. ఇరవై ఏళ్ళ పిల్ల. నీలం జాకెట్టు, ఒళ్ళో కుట్టుపని. మొహం ఉంది. కళ్ళు ఈ ఏడుగురి వైపు తిరిగి ఉన్నాయి.

"ముసవ్విర్ నన్ను కిటికీ దిక్కు మొహం పెట్టి కూసోబెట్టిండు. గీసినప్పుడు కిటికీనే చూసిన," అంది ఆవిడ. "ఇటు ఎప్పుడు మల్లినయో నాకు తెల్వది. అందుకే గుడ్డ వేసిన. వాళ్ళు నా వంతు ఎప్పుడని చూస్తరు, నేను వాళ్ళను చూడొద్దని."

యాదగిరి నేల చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. అక్కడ రంగుగాజులు తప్ప ఏమీ లేదు.

తెర దించాక పెద్ద పాషా అసలు మాటకొచ్చింది. "గాజు మీద మొహాలు మళ్ళ లేచినయి. అవి బయట తిరగొద్దు. పలగ్గొట్టు బాపూ. మీకు తస్వీర్లు గావాలంటే తలుపులు పెట్టుకోని, దీపం వెలుగుకు తీసుకోండ్రి. మొహాలు పడకుండ ఎన్నన్న తీసుకోండ్రి. నేనొద్దంటనా."

నేను కామేశ్వరి గారి చెవిలో చెప్పాను. "అమ్మగారూ, దేవుడు మన పక్షానే ఉన్నాడు. ఆవిడ కోరికా తీరుతుంది, మొహాల్లేని ఫోటోలూ వస్తాయి. ఈ ప్లేట్లు పోతే మొహాలుండేవని చెప్పేవాడు ప్రపంచంలో ఉండడు. ఏడోదాని గురించి రాసిన ముక్క ఒక్కటి దిద్దుకుంటే మీ వ్యాసం చెక్కుచెదరదు, ఓడ టిక్కెట్టు ఖాయం."

ఆవిడ నా వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. కోపం కాదు. అదే మాట ఆవిడకి నాకంటే ముందే తోచింది.

"నువ్వు నవ్వుతూ అన్నావు కాబట్టి సరిపోయింది," అన్నారు. తర్వాత పాషా వైపు తిరిగి, "ప్లేట్లు మీవి. పగలగొట్టించండి. మళ్ళీ తియ్యం," అన్నారు.

ముంగిట్లో బావి గట్టు మీద గోనెపట్టా పరిచి, ఏడూ వరసగా పెట్టి, యాదగిరి రోకలితో కొట్టాడు. గాజు పగిలే చప్పుడు ఆ ఇంటి గోడల మధ్య చాలాసేపు తిరిగింది. "డబ్బాల ఇంకేమన్న మిగిలినయా?" అని పాషా అడిగింది. లేవన్నాను. లేవనే అనుకున్నాను.

మళ్ళీ హాల్లోకి వచ్చి మేము సెలవు తీసుకోబోతుంటే ఆవిడ కామేశ్వరి గారి చెయ్యి పట్టుకుంది. "బేటీ, ఒక్క ఫికర్ మిగిలింది. నా మొహం ఎవరు మూస్తరు?"

యాదగిరి వెంటనే, "నాతోని గాదు పాషా. ఎన్నిసార్లు చెప్పిన. నా చేతులు వణుకుతయి," అన్నాడు.

మా మ్యూజియంలో ప్రతి గదిలోనూ బొమ్మలు తాకరాదని బోర్డు ఉంటుంది. ఆ బోర్డులు రాయించింది కామేశ్వరి గారే. ఒకసారి కలెక్టరుగారి మామగారి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగినావిడ. ఆవిడ అక్కడ నిలబడి ఆ ఏడు బొమ్మల్నీ ఇంకోసారి, మొదటిసారి చూసినట్టు చూశారు.

"నేను వస్తాను పాషా. యాదగిరి చేత ఒక కార్డు ముక్క రాయించండి చాలు," అన్నారు.

పెద్ద పాషా లోపలినుంచి రంగుపొడి పొట్లం, చిన్న సీసాలో అవిసె నూనె తెచ్చి ఇచ్చింది. "పల్చగ వెయ్యి. కండ్ల కాడ రెండోపూత వెయ్యాలె. ఊకె పైకొస్తయి," అంది, పచ్చడికి ఉప్పు పాళ్ళు చెప్పినట్టు.

చడావు దిగి వస్తుంటే నేను ఉండబట్టలేక అడిగాను. "మీ చేత్తో బొమ్మ పాడుచేస్తారా?"

"మూయడం కూడా ఆ బొమ్మలో పనే సూర్యం. గీసినాయన సగం వరకే గీశాడు. మిగతా సగం ఆ ఇంటివాళ్ళు పూర్తిచేస్తున్నారు. అది నాకు అర్థం కాక, అంతా ఆయనొక్కడి పనే అనుకున్నాను." నాలుగడుగులు వేసి, "వ్యాసం అయితే బాగా రాశాను," అన్నారు, పోయినవాళ్ళ గురించి మంచి చెప్పినట్టు.

నాంపల్లి స్టేషను పక్క తపాలాఫీసులో పారిస్‌కి టెలిగ్రాం ఇచ్చారు. ఆవిడ ఇంగ్లీషులో రాసింది గుమాస్తా పైకి చదివాడు. నేను అర్థం అడిగితే చెప్పాడు. మొహాలు ఉండేవి, నేను తప్పు రాశాను, ఫోటోలు పంపడం లేదు, వివరంగా ఉత్తరం రాస్తాను.

"అమ్మా, మొహాలు అంటే ఏదన్న గుప్తమా?" అన్నాడు అనుమానంగా. "బయటి దేశానికి గిట్లాంటి తార్ కొట్టాలంటే మా సారుకు చూపియ్యాలె."

"చూపించండి. దాపరికం ఏమీ లేదు," అన్నారు కామేశ్వరి గారు. సారు వచ్చి, ఆవిడ మొహం చూసి, ఏమీ అడగకుండా ముద్ర కొట్టాడు. మాటకింతని లెక్క కట్టారు. మా ఇద్దరి రైలు ఛార్జీల కంటే ఎక్కువైంది.

మర్నాడు పొద్దుటి బండి. కిటికీ దగ్గర ఎదురెదురుగా సీట్లు దొరికాయి. పారిస్ వాళ్ళు ఏమంటారని నేను అడిగితే, "ఏమీ అనరు. ఇంకెవర్నో పిలుస్తారు," అన్నారు. రంగుపొడి పొట్లం ఆవిడ చేతిసంచిలో ఉంది, సంచి ఒళ్ళో. కాజీపేట టీ ఈసారి చప్పగా ఉంది, లేకపోతే మా నోళ్ళే బాగాలేవు.

డోర్నకల్లు దాటాక, ఊరికే కూర్చోలేక, డబ్బా తెరిచి ప్లేటు స్లైడులు తుడుద్దామనుకున్నాను. స్లైడు అంటే ప్లేటు పెట్టే తొడుగులోకి వెలుతురు సోకకుండా వేసే పలక. ప్లేటు తియ్యకముందు దాని తెల్ల అంచు పైకి ఉంటుంది, తీశాక తిప్పి నల్ల అంచు పైకి పెట్టుకుంటాం. ఒకదానికి నల్ల అంచు పైన ఉంది. లోపల ప్లేటు ఉంది.

కాసేపటికి గుర్తొచ్చింది. కొలత కోసం తీసింది. దాన్ని నేను ఖాళీవాటి వైపు పెట్టాను. కరీం భాయ్ దగ్గర అది కడగనే లేదు.

కామేశ్వరి గారికి చూపించాను. ఆవిడ అటూ ఇటూ చూసి, "ఇందులో ఎవరున్నారు?" అన్నారు.

"మీరు. మీ పక్కన ఏడో బొమ్మ."

"పగలగొట్టు."

నేను కిటికీ తలుపు ఎత్తాను. బయట పొలాలు, గట్టున ఒకాయన ఎద్దుల్ని తోలుకుపోతున్నాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగు. ఇందులో నేనూ ఉన్నాను కదా."

నేను కిటికీ తలుపు దించాను. ప్లేటుని తొడుగుతోనే మళ్ళీ డబ్బాలో పెట్టి, డబ్బా నా పక్క సీటు మీద పెట్టాను. ఖమ్మం వచ్చింది, పోయింది. మధిర దగ్గరపడుతుండగా ఆవిడ కిటికీలోంచి కళ్ళు తిప్పకుండానే అడిగారు.

"ఆ రోజు నన్ను ఎటు వైపు నిలబెట్టావు? ఆరో బొమ్మ వైపా, తెర వైపా?"

"తెర వైపు."

అంటే ఏడో ఆవిడ చూస్తున్నది ఎవర్నో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఆవిడ ఒళ్ళో చేతిసంచిని దగ్గరికి లాక్కున్నారు. తర్వాత, "డబ్బా అటు తిప్పి పెట్టు సూర్యం," అన్నారు.

నేను తిప్పాను. కొండపల్లి దాటుతుంటే, "ఇటు కాదు," అన్నారు. మళ్ళీ తిప్పాను. నాలుగు పక్కలా ఒకేలా ఉన్న తగరపు డబ్బా అది. బెజవాడ వచ్చేదాకా తిప్పుతూనే ఉన్నాను, ఏ పక్కన చూపు ఉందో నాకు తెలియలేదు.